ఇంజిన్ నుంచి ఇరవయ్యారు

బేరింగు పాడైతే ముందు అరుస్తుంది, తర్వాత వేడెక్కుతుంది, ఆ పైన పొగ, చివరికి ఇరుసు విరిగి బండి పట్టాల మీంచి పక్కకి ఒరుగుతుంది. అరిచినప్పుడే పట్టుకుంటే ఒక్క వ్యాగనుతో పోతుంది. ఈ సంగతి చెబితే మనవాళ్ళు "బేరింగు అరవడమేంటండీ, చోద్యం కాకపోతే!" అని పళ్ళికిలిస్తారు. ఇకిలించండి, మీ నోరు మీ ఇష్టం. ఆ అరుపులు వినడానికే జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నారనీ, ఆ మనిషిని అందరూ చెవులక్క అంటారనీ మాత్రం తెలుసుకోండి.

చెవులక్క అసలు పేరు జీతాల గుమస్తాకి తప్ప ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. గూడ్సు కంట్రోలు ఆఫీసు మేడ మీద, మెట్లెక్కగానే ఎడమ చేతి గది ఆమెది. బయట టీ గ్లాసుల చప్పుడు లోపలికి రాకుండా తలుపుకి మెత్త కొట్టించుకుంది. లోపల రెండు తెరలు, ఒక బల్ల, హెడ్‌ఫోన్లు తగిలించుకునే మేకు, ఒక కుర్చీ. ఆఫీసువాళ్ళు ఇచ్చిన కుర్చీ కిర్రుమంటోందని దాన్ని వరండాలో పారేయించి, ఇంట్లో కుర్చీ మొగుడి చేత మోయించుకొచ్చింది. ఆ మొగుడు పళ్ళ డాక్టరు దగ్గర కాంపౌండరు. కుర్చీ దించి, నడుం పట్టుకుని, "నీ చెవుల్ని పెళ్ళి చేసుకున్నాననుకున్నానే గాని, నీ కుర్చీలకి కూలివాణ్ణవుతాననుకోలేదు" అన్నాడట పాపం.

ఊరికి అవతల, లైనుకి రెండు పక్కలా బీరువాలంతేసి పెట్టెలు నిలబెట్టి ఉంటాయి. వాటిలో మైకులు. గూడ్సు దగ్గరికొస్తుంటే పెట్టెల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి, బండి దాటగానే మూసుకుంటాయి. లేకపోతే వానకీ దుమ్ముకీ మైకులు నాలుగు రోజులు కూడా ఆగవు. కాసేపటికి ఏ చక్రం చప్పుడు ఆ చక్రానిదిగా విడదీసి, పక్కన ఒక రంగు వేసి, కంప్యూటరు ఆమె ముందు పెడుతుంది. పచ్చయితే బేరింగు బాగున్నట్టు, ఎరుపైతే బండి ఆపాల్సిందే. ఈ రెంటితో ఎవరికీ పేచీ లేదు. మధ్యలో పసుపు ఉంది చూశారూ, చావంతా దానితోనే. బ్రేకు పట్టేసి ఈడ్చుకుపోయిన చక్రం ఒకచోట చదునైపోయి, తిరిగినప్పుడల్లా పట్టాని టపటపా మొత్తుతుంటుంది. ఆ మోతలో పక్కనున్న బేరింగు మూలుగు యంత్రానికి సరిగ్గా అందదు. పసుపు వేసి, ఇక నీ ఇష్టం అని చేతులు దులిపేసుకుంటుంది. అప్పుడు చెవులక్క హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. విని, ఆపాలో అక్కర్లేదో చెప్పాలి.

మంచి బేరింగు కడుపు నిండిన పిల్లిలా గుర్రుగుర్రుమంటూ పోతుంది. చెడ్డది నిద్రలో పళ్ళు కొరికే మనిషిలా ఉంటుంది. "మీ డాక్టరు దగ్గరా అవే పళ్ళు, నా దగ్గరా అవే పళ్ళు" అని మొగుణ్ణి ఏడిపించేది.

ఈ ఉద్యోగానికి ముందు ఆమె చిన్నపిల్లల ఆసుపత్రిలో వినికిడి పరీక్షలు చేసేది. అద్దాల గదిలో పిల్లనో పిల్లాణ్ణో కూర్చోబెట్టి, "బుజ్జీ, కూ అని వినబడగానే చెయ్యెత్తాలి, సరేనా?" అనడం, మీటలు నొక్కడం. కొందరు పిల్లలు ఏమీ వినబడకపోయినా అద్దం అవతల ఉన్న అమ్మ మొహం చూసి చెయ్యెత్తేసేవాళ్ళు. అమ్మ ఏడుస్తుందని. అలాంటి రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టేది కాదు. చివరికి రైల్వే పరీక్ష రాసి ఇటొచ్చేసింది. "ఇనుముకి అమ్మ ఉండదు కదే, హాయి" అంది వాళ్ళక్కతో.

అక్క అంటే సొంత అక్కే. కింద వాటాలో అక్కా బావా, పై వాటాలో వీళ్ళు. అక్క ముందు గదిలో మిషను వేసుకుని బట్టలు కుడుతుంది. బావ గూడ్సు డ్రైవరు, మనిషి దిమ్మలా ఉంటాడు, నవ్వితే కిటికీలు అదురుతాయి. మరదలంటే ఎంత ముద్దో అంత వెక్కిరింత. డ్యూటీ దిగగానే ఫోను కొట్టేవాడు. "ఏమే మరదలా, ఇవాళ నా బండి ఏమంది? నన్ను తిట్టిందా, నిన్ను తిట్టిందా?"

"బండి సంగతి తర్వాత బావా, ముందు మీ మోకాళ్ళు చూపించుకోండి. మీరు మెట్లెక్కుతుంటే నాకు పసుపు పడుతోంది."

ఇలా పాలూ నీళ్ళలా ఉన్న కుటుంబం కిందటి వానాకాలంలో విరిగిపోయింది.

అప్పుడు బావ వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉంది. పెద్దావిడకి బాగోలేదు, ఇవాళో రేపో అన్నట్టుంది. బావ సెలవడిగితే మనిషి లేడన్నారు. మధ్యాహ్నానికి దిగిపోతావుగా, దిగి అట్నుంచటే ఆసుపత్రికి పో అన్నారు. సరేనని బొగ్గు బండి ఎక్కాడు. ఆ బండి మైకులు దాటింది. పసుపు పడింది. చెవులక్క విన్నది. ముందు గర్‌మని ఒక మూలుగు, వెంటనే పక్క చక్రం టప్ టప్. మళ్ళీ వేసుకుని విన్నది. అనుమానం లేదు. అది బావ బండి అని ఆమెకి తెలుసు, ఆసుపత్రిలో పెద్దావిడ ఉందనీ తెలుసు. అన్నీ తెలిసే ఫోనెత్తింది.

వ్యాగన్ల పక్కన యంత్రం చదివే బిళ్ళలుంటాయి, నంబరు చెప్పేవి. బొగ్గు మసి పట్టి ఆ బిళ్ళ చదవబడలేదు. చదవబడకపోతే ఈ లైనులో ఒకటే పద్ధతి. మేస్త్రీ అయినా, కంట్రోలరైనా, నిన్న చేరినవాడైనా అడిగేది ఒకటే, చెప్పేది ఒకటే. ఇంజిన్ నుంచి ఎన్నోది?

"ఇంజిన్ నుంచి ఇరవయ్యారు, ఎడమ వైపు" అని చెప్పింది చెవులక్క.

జంక్షన్లో ఖాళీ లేక కంట్రోలరు బండిని దాని అవతలున్న చిన్న స్టేషన్లో పక్క లైనులోకి తీసుకున్నాడు. నిండు బండి మధ్యలోంచి ఒక వ్యాగను తప్పించడమంటే మాటలు కాదు. ముందు సగం విడదీయాలి, లాగాలి, ఆ వ్యాగనుని వేరే లైనులోకి తోయాలి, మళ్ళీ వెనక్కొచ్చి మిగతాది తగిలించుకోవాలి, బ్రేకులు చూసుకోవాలి. వానలో ఆ మధ్యాహ్నమంతా దానికే సరిపోయింది. అక్కడ ఆసుపత్రిలో అక్క ఒక్కతే అత్తగారి మంచం పక్కన కూర్చుంది. పెద్దావిడ కళ్ళు తెరిచినప్పుడల్లా "వాడొచ్చాడా?" అని అడుగుతోంది. "దారిలో ఉన్నారత్తయ్యా" అంటోంది అక్క. అబద్ధం కాదు. దారిలోనే ఉన్నాడు, కదలకుండా. బొగ్గు మసి మొహంతో బావ వరండాలోకి పరిగెత్తుకొచ్చేసరికి పెద్దావిడ పోయింది.

పులి మీద పుట్రలాగా, నాలుగు రోజుల తర్వాత వర్క్‌షాపు నుంచి కబురొచ్చింది. తీసేసిన వ్యాగను బేరింగు విప్పి చూశారట. నిక్షేపంలా ఉందట.

అక్క మెట్ల కింద నిలబడి ఒక్క మాటంది. "నీ చెవులు పాడుగాను!" అంతే, తలుపేసుకుంది. ఆ తర్వాత మాట్లాడితే ఒట్టు. చెల్లెలికీ రోషమే, ఇద్దరూ ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళే కదా. అక్క పలకరించకపోతే నేనెందుకు పలకరించాలని ఈమె కూడా బిగుసుకుంది. లోపల కుళ్ళి కుళ్ళి ఏడవడం మాత్రం మానలేదు. మధ్యలో నలిగింది కాంపౌండరు. కింద నుంచి "ట్యాంకు పొర్లుతోంది, మోటారు కట్టేయమని మీ ఆవిడకి చెప్పండి", పై నుంచి "కట్టేశానని మా అక్కకి చెప్పండి". ఇద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళకి వినబడుతూనే ఉంటుంది, అయినా ఆయన మెట్లు దిగి చెప్పి రావాల్సిందే. "డాక్టరు దగ్గర రోజూ ఎంతమంది నోళ్ళు తెరిపిస్తానో! ఇంట్లో రెండు నోళ్ళు తెరిపించడం నా వల్ల కావట్లేదు" అని గొణుక్కునేవాడు.

బావ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఫోన్లు మానేశాడు, వెక్కిరింతలు మానేశాడు, మెట్ల మీద ఎదురైతే తల దించుకుని పక్కకి తప్పుకునేవాడు. అంత మనిషి అలా గోడకి ఒత్తుకుని దారిస్తుంటే చెవులక్క గుండె చెరువైపోయేది. "నా మీద ఎంత కోపముంటే మొహం కూడా చూడట్లేదో" అని మొగుడి దగ్గర వాపోయేది.

ఆ రోజు చప్పుడు ఆమె దాచుకుంది. భోజనాల వేళ తలుపేసుకుని, దాన్నే పెట్టుకుని వినేది. గర్, తర్వాత టప్ టప్. గర్, టప్ టప్. నేనేం తప్పు విన్నాను? ఎక్కడ పొరబడ్డాను? ఎన్నిసార్లు విన్నా అది పాడైన బేరింగులాగే వినబడుతుంది. అంటే చెవులే పాడయ్యాయన్నమాట, అక్క నోటి వాక్కు ఫలించిందన్నమాట. అలా అనుకున్నాక మనిషికి ధైర్యమెక్కడుంటుంది? పసుపు పడితే ఇదివరకు ఆపమనేది, ఇప్పుడు "గమనించాలి" అని రాసి వదిలేస్తోంది. ఆపడం తగ్గింది. బండ్లు వేళకి పోతున్నాయి. ఇన్‌చార్జి మంచివాడు, గదిలోకి తొంగి చూసి, "ఈ మధ్య మీ పని చాలా బాగుందమ్మా" అన్నాడు. ఆ పొగడ్త చెంపదెబ్బలా తగిలింది. భయపడటాన్ని పనితనం అనుకుంటున్నాడు మహానుభావుడు.

ఇలా వానలు పోయి, చలి పోయి, ఎండలు ముదిరాయి.

ఒకరోజు పొద్దున టీ వేళకి బొగ్గు బండి ఒకటి మైకులు దాటింది. పసుపు పడింది. చెవులక్క బిస్కెట్టు పక్కన పెట్టి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. టప్ టప్, వెంటనే గర్ర్‌మని రాళ్ళు నమిలినట్టు. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఈ గొంతు నాకు తెలుసే!

గబగబా పాత చప్పుడు తీసింది. అది విని, ఇది విని, మళ్ళీ అది విన్నది. అవే రెండు గొంతులు. మూలుగు మాత్రం ఇప్పుడు బాగా ముదిరింది. కానీ అప్పుడు మూలుగు ముందు, మోత వెనక. ఇప్పుడు మోత ముందు, మూలుగు వెనక. ఇదేం తిరకాసు అనుకుంటూ లెక్క చూసింది. బండికి యాభై ఎనిమిది వ్యాగన్లు. నంబరు బిళ్ళ మసికి ఈసారీ చదవబడలేదు. మూలుగుతున్నది ఇంజిన్ నుంచి ముప్పై మూడోది. ఇటు నుంచి ముప్పై మూడంటే, అటు నుంచి?

ఇరవయ్యారు.

చెవులక్క కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. ఎందుకో చెబుతాను, జాగ్రత్తగా వినండి. ఈ బొగ్గు వ్యాగన్లు విడిపోకుండా ఎప్పుడూ ఒకే వరసలో కలిసి తిరుగుతాయి. ఆ వానాకాలంలో తీసేసిన దాని బదులు ఇంకోటి తగిలించి, ఈ వరసని ఆ వారమే మైకులు లేని వేరే లైనుకి పంపేశారు. అందుకే ఇన్నాళ్ళూ మైకుల ముందుకి రాలేదు. ఇప్పుడు తిరిగొచ్చింది, అటుది ఇటుగా తిరిగి వచ్చింది. ఇక జంక్షన్ సంగతి. అక్కడ లైను వెనక్కి మళ్ళుతుంది కాబట్టి ఇంజిన్‌ని ఈ చివర తీసి ఆ చివర తగిలిస్తారు. ముందున్నది వెనకవుతుంది, వెనకున్నది ముందవుతుంది. ఆ రోజు చెవులక్క ఇంజిన్ నుంచి ఇరవయ్యారు అన్నది మైకుల దగ్గర. బండిని ఆపింది జంక్షన్ దాటాక. అక్కడివాళ్ళు ఇంజిన్ నుంచి ఒకటీ రెండూ అని బుద్ధిగా లెక్కపెట్టి, ఇరవయ్యారోదాన్ని పీకేశారు. జబ్బుది ముప్పై మూడో చోట దర్జాగా నిలబడే ఉంది. జంక్షన్లో ఇంజిన్ మారుతుందని ఆఫీసులో గోడ మీద బల్లికి కూడా తెలుసు. అయినా అలవాటు నోరు, ఇంజిన్ నుంచి అనేసింది. ఏ చివర ఇంజిన్ అని ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

నేను విన్నది నిజమే! అని ముందు ఒళ్ళంతా పొంగింది. ఆ పొంగు రెప్పపాటు కూడా ఆగలేదు. మంచి వ్యాగను కోసం బావ ఆ పూటంతా వానలో నిలబడ్డాడు. పెద్దావిడ వాడొచ్చాడా వాడొచ్చాడా అంటూ పోయింది. చెవులు కాదు చేసింది, నోరు చేసింది. పైగా ఆ జబ్బు వ్యాగనుని వెనక పెట్టుకునే బావ మిగతా దారంతా బండి నడుపుకుంటూ పోయాడు.

ఇవాళ నడిపేది ఎవరా అని తెర మీద చూసింది. ఈ లైనులో గూడ్సు నడిపేవాళ్ళు వేళ్ళ మీద లెక్క. బావే.

ఇప్పుడేం చెయ్యాలి? పడింది పసుపు. "గమనించాలి" అని రాసేస్తే ఎవరూ ఏమీ అనరు. ఆపిస్తే, అందులోనూ బావ బండినే ఆపిస్తే, విప్పి చూసి మళ్ళీ నిక్షేపంలా ఉందంటే? కింద వాటా తలుపు ఈ జన్మకి తెరుచుకోదు. ఆపకపోతే, జంక్షన్ దాటాక దిగుడు ఉంది, ఆ దిగుడులో ఈ ఇరుసు విరిగితే అక్కకి మొగుడుండడు. చెవులక్క పైట చెంగుతో మొహం తుడుచుకుని ఫోనెత్తింది.

"కంట్రోలరు గారూ, బొగ్గు బండి ఆపండి. జంక్షన్ బయటి సిగ్నలు దగ్గరే ఆపండి. లోపలికి రానివ్వకండి, ఇంజిన్ మార్చనివ్వకండి."

కంట్రోలరు కాస్త నోటి దురుసు మనిషి. "మళ్ళీ మీ బావ బండేనా? చెవులక్కా, మీకూ ఆయనకూ ఏమన్నా ఆస్తి తగాదాలున్నాయా? కిందటిసారి ఏం దొరికింది, బూడిద!"

"కిందటిసారి దొరకనిదే ఇప్పుడు దొరుకుతుంది. అప్పుడు బేరింగు నిజం, లెక్క తప్పు. తప్పు నాది. ఇంజిన్ మారిందని చెప్పకుండా ఇంజిన్ నుంచి అన్నాను. ఇప్పుడు సరిగ్గా రాసుకోండి. ఇంజిన్ నుంచి ముప్పై మూడు, వెనక గార్డు వైపు నుంచి ఇరవయ్యారు. రెండు వైపుల నుంచీ లెక్కపెట్టమనండి. దాని ముందు చక్రం చదునై ఉంటుంది, అదే గుర్తు."

అవతల కాగితం మీద పెన్ను గీకిన చప్పుడు. "సరేనమ్మా, ఆపుతున్నా" అన్నాడు కంట్రోలరు. గొంతులో దురుసు లేదు.

ఆ తర్వాత వేచి ఉండటం ఎంత నరకమో నేను చెప్పలేను. జంక్షన్ నుంచి మేస్త్రీ ట్రాలీ మీద రావాలి, నడిచి వెళ్ళి లెక్కపెట్టాలి, చూడాలి. చెవులక్క హెడ్‌ఫోన్లు తీసి మేకుకి తగిలించింది, మళ్ళీ తీసి పెట్టుకుంది, మళ్ళీ తగిలించింది. టీ మీద మీగడ కట్టింది. సెల్‌ఫోను మోగితే ఉలిక్కిపడి చూసింది. బావ నంబరు. ఇన్ని నెలల తర్వాత.

"మరదలా" అన్నాడు. రొప్పుతున్నాడు, బండి పొడవునా నడిచినట్టున్నాడు. "దొరికింది. చెయ్యి దగ్గరికి పోనివ్వట్లేదు, అంత వేడి. గ్రీజంతా మాడి కారిపోయింది. దిగుడులోకి పోయుంటే అయిపోయేవాళ్ళమంటున్నాడు మేస్త్రీ."

చెవులక్క ఫోను రెండు చేతులతో పట్టుకుంది. ఏడుపు గొంతుతోనే, "బావా, ఆ రోజు కూడా ఇదే బావా. ఈ వ్యాగనే. నేను లెక్క..." అంటుండగానే ఆయన అందుకున్నాడు.

"తెలుసు."

కంట్రోలరు చెప్పేసుంటాడులే అనుకుంది ఆమె. "ఇంటికొచ్చాక మాట్లాడతా" అని బావ పెట్టేశాడు.

ఇన్‌చార్జి గదిలోకెళ్ళి, పాతదీ కొత్తదీ రెండు చప్పుళ్ళూ వినిపించి, ఆ రోజు లెక్క తప్పు తనదేనని ఆమె ఆ పూటే చెప్పేసింది. ఇకనుంచి ఇంజిన్ ఏ చివరో అడగకుండా ఎవరూ ఫోను పెట్టకూడదని ఆయన అందరికీ గట్టిగా చెప్పాడు. అంతకుమించి ఏమీ అనలేదు. అక్కకి చెప్పడమే మిగిలింది. అదే అన్నిటికన్నా కష్టం.

మర్నాడు మధ్యాహ్నం బావ మెట్లెక్కి పై వాటా గుమ్మం దాకా వచ్చాడు. "మీరిద్దరూ ఒకసారి కిందికి రండి. మీ అక్క ముందే చెప్పాలి" అన్నాడు. మొహం పీక్కుపోయి ఉంది, నిద్రపోయినట్టు లేదు.

కింద అక్క మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చెయ్యి అతుకుతోంది. బండి సంగతి అప్పటికే వీధంతా తెలిసింది. చెల్లెలు ఆపకపోతే మొగుడు దక్కేవాడు కాదని అక్కకీ తెలిసింది. తలెత్తకుండానే కాంపౌండరుతో, "మీ ఆవిడని కూర్చోమనండి, నిలబడిందెందుకు" అంది. రాయబారం ఇంకా పోలేదు గాని, ఆ గొంతులో గట్టిదనం పోయింది. చెవులక్క కూర్చుని, లెక్క సంగతి చెప్పడానికి నోరు తెరవబోయింది. బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాని తప్పు నేనే చెబుతా. ఆ రోజు అది ఇంజిన్ నుంచి ఇరవయ్యారు అంది. జంక్షన్లో ఇంజిన్ మారుతుందని చెప్పడం మర్చిపోయింది. అందుకే మంచి వ్యాగను తీశారు, చెడ్డది ఉండిపోయింది. అది దాని పొరపాటు. నిన్న ఆఫీసులో ఒప్పేసుకుంది కూడా." మళ్ళీ తల దించుకున్నాడు. "నాది పొరపాటు కాదు."

"మీరేం చేశారు?" అంది అక్క. మిషను ఆగింది.

"వైర్‌లెస్సులో ఇరవయ్యారు అని నేనూ విన్నాను. ఇంజిన్ మార్చి తగిలించింది నేనే కదా. వాళ్ళు వానలో తడుస్తూ నా ఇంజిన్ నుంచి లెక్కపెట్టుకుంటూ పోతుంటే నాకప్పుడే తెలిసింది, తప్పుడు వ్యాగను దగ్గరికి పోతున్నారని. చెప్పాలి. చెబితే మళ్ళీ కంట్రోలుని అడగాలి, మళ్ళీ వెతకాలి, ఇంకో పూట పడుతుంది. అమ్మ అక్కడుంది. తీసేదేదో తీశారు, పోనీ, అనుకున్నా. నోరు మూసుకున్నా. ఆ చెడ్డది నా వెనకే ఉందని తెలిసే నడుపుకుంటూ వచ్చా. వస్తే ఏమైంది? అప్పటికీ అందలేదు."

మెట్ల మీద తల దించుకుని గోడకి ఒత్తుకుని నిలబడ్డది కోపంతో కాదని చెవులక్కకి అప్పుడర్థమైంది.

"పొద్దున్నే వెళ్ళి ఆఫీసులో ఇదే చెప్పొచ్చాను. ఏం చేస్తారో చేసుకోనీ" అన్నాడు బావ.

అక్క లేచి నిలబడింది. ఒళ్ళో ఉన్న జాకెట్టు కింద పడింది.

"మీ అమ్మ కోసం ఆ పూట నోరు మూసుకున్నారు. సరే. మీ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్నేమో. ఆ తర్వాత ఇన్ని నెలలు ఎవరి కోసం మూసుకున్నారండీ? దాని చెవులు పాడుగాను అన్నాను నేను. నా నోటితో నేను అన్నాను. మెట్ల మీద ఇది ఎదురైతే మొహం తిప్పుకుని పోయాను. జ్వరమొచ్చి పైన మూలుగుతుంటే గుమ్మం తొక్కలేదు. అన్నీ మీరు పక్కన నిలబడి చూశారు!"

"చెబుదామని రోజూ అనుకునేవాణ్ణి."

"అనుకునేవారు! అనుకుంటే సరిపోతుందా? నా తోడబుట్టినదాన్ని నాకు కాకుండా చేసి..."

బావ అంత దిమ్మలాంటి మనిషి, బట్టల మూట మీద కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అక్క ఆగలేదు. "ఏడవండి, ఇప్పుడేడిస్తే ఏం లాభం, మనిషన్నాక..." అంటూ ఇంకా దగ్గరికి వెళ్ళబోతుంటే చెవులక్క లేచి అడ్డమొచ్చి అక్క మణికట్టు పట్టుకుంది.

"వద్దక్కా. బావని ఇంకేమీ అనకు."

వానాకాలం నుంచి అక్కతో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే. అక్క చెల్లెలి మొహం వంక చూసింది, మూట మీద మొగుడి వంక చూసింది, చెల్లెలి మెడ చుట్టూ చేతులు వేసి బావురుమంది.